ఆర్నెల్ల కిందటి స్కాన్

పొద్దున్నే మేడ మెట్లెక్కుతూ అమ్మ ఏడో మెట్టు దగ్గర ఆగి, ఏదో మరిచిపోయినదానిలా వెనక్కి చూసింది. ఆయాసమని ఒప్పుకుంటుందా ఆవిడ! ఆర్నెల్ల కిందట కుడి ఊపిరితిత్తిలో కింది భాగం కోసి తీసేశారు. తీశాక, గడ్డ క్యాన్సరు కాదని తేలింది. ఇల్లంతా పండగ చేసుకున్నారు.

తల్లిని చూడ్డానికి తమ్ముడింటికి వచ్చిన కూతురు బీరువాలో మందుల చీటీ వెతుకుతుంటే, ఆపరేషన్‌కు ముందు తీసిన స్కాన్ డిస్కు దొరికింది. ఆసుపత్రిలో రోజంతా స్కాన్లు చదివి రిపోర్టులు రాసే మనిషి, చెయ్యి ఊరుకోదు కదా. ల్యాప్‌టాప్‌లో పెట్టి చూసింది.

గుండ్రటి గడ్డ. అంచు నున్నగా ఉంది. లోపల నల్లగా కొవ్వు, మధ్యలో పేలిన మొక్కజొన్న గింజల్లా సున్నపు ముక్కలు. ఆమె తమ్ముణ్ని కేకేసింది.

"ఒరేయ్, ఇట్రా! ఇది హామర్టోమా అనే గడ్డరా! లోపల కొవ్వు కనబడితే చాలు, మంచి గడ్డే. దాని మానాన దాన్ని వదిలేసి అప్పుడప్పుడూ చూసుకుంటే సరిపోయేది. దీనికా అమ్మ ఛాతీ కోయించావ్?"

"పెద్ద డాక్టరు తియ్యాలన్నాడక్కా."

"ఇంట్లో నేనున్నాగా! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనా? ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

తమ్ముడు మొహం మాడ్చుకున్నాడు. "అడిగాం."

"ఎప్పుడు?"

"వద్దురా!" మెట్ల మీంచి అమ్మ కేకేసింది. అంతలోనే దగ్గు తెర.

అతను ఫోన్ తీసి ముందు పెట్టాడు. ఆపరేషన్‌కు ముందు, స్కాన్ ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి తీసి అక్కకు పంపిన ఫొటో. కింద అక్క జవాబు: 'ఫోన్లో ఫొటోలు పంపితే ఏం తెలుస్తుంది? పనిలో ఉన్నా. సర్జన్ చెప్పినట్టు చెయ్యండి.'

ఆరోజు పరాయివాళ్ల స్కాన్లు నలభై చూసింది. ఇప్పుడు వేళ్లతో ఆ ఫొటోను పెద్దది చేసింది. తెల్లటి గింజలు అందులోనూ కనబడుతున్నాయి. "డిస్కు పంపండి" అని రెండు ముక్కలు రాసి ఉంటే!

అమ్మ మెల్లగా దిగివచ్చి పక్కన కూర్చుంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ కూతురి తల నిమిరింది.

"ఈ ఫొటో సంగతి నీకు గుర్తుచెయ్యొద్దని... నేనే ఒట్టేయించుకున్నా వాడితో. ఊరుకోవే పిచ్చిదానా... క్యాన్సరు కాదుగా."

ఆర్నెల్ల కిందట ఆ మాట తాను అమ్మకు చెప్పాల్సింది. కూతురు తల్లి ఒళ్లో తల పెట్టుకుని బావురుమంది.