తెల్ల మొనల ట్వీజర్స్

ఆదివారం మధ్యాహ్నం 3:40. సింగపూర్, బుకిట్ బటోక్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్. గంగాధర్ గదిలో నేలమీద పడి ఉన్నాడు. మెడ చీలిపోయింది. ఊపిరి లేదు.

 భార్య నిఖిల ముందు ఏం చేసిందో తెలుసా? పేలిన వేప్ ముక్కల్నీ, మొగుడి పనిముట్ల డబ్బానీ బియ్యం డ్రమ్ములో పూడ్చేసింది. ఆ తర్వాతే అంబులెన్స్‌కి ఫోన్. ఈ దేశంలో వేప్, అంటే ఈ-సిగరెట్, దగ్గరుంటేనే నేరం. తన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇక్కడ పనిచేసేందుకిచ్చిన వర్క్ పాస్, రెండూ ఊడతాయని భయం.

4:25కి ఇన్‌స్పెక్టర్ సూర్యారావు వచ్చాడు. తాతల నాడే సింగపూర్ చేరిన తెలుగు కుటుంబం ఆయనది; మాట చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలిస్తాడు.

"ఏం పేలింది, అమ్మా?"

"ఫోన్ సార్."

"ఫోన్ అదుగో, ఛార్జింగ్‌లో ఉంది లా."

నిఖిల చూపు వంటింటి వైపు పోయింది.

సూర్యారావు నేలమీంచి సన్నటి తీగ ముక్క ఏరాడు. చిటికెడు దూది కూడా దొరికింది.

"వేప్‌లో వేడెక్కే కాయిల్ చుట్టాక కత్తిరించే తోక ఇది. ఎవరు చుట్టారు?"

"నేను వేప్ తాగనే తాగను సార్!"

అన్నది పక్కగదిలో అద్దెకుండే ఉదయ్‌కిరణ్. యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తూ పేపర్లు దిద్దుతుంటాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

సూర్యారావు వంటింట్లోకి నడిచాడు. డ్రమ్ము చుట్టూ బియ్యం చింది ఉన్నాయి.

4:50. డబ్బా టేబుల్ మీదికొచ్చింది. చిన్న స్క్రూడ్రైవర్, కటర్, తీగ చుట్టే పుల్ల, ఓమ్ మీటర్, తెల్ల మొనల ట్వీజర్స్.

"షార్ట్ ఉందేమో చూసే మీటర్ పెట్టుకున్నాడంటే జాగ్రత్తపరుడే. మరెలా పేలింది? కాలుతున్న కాయిల్‌ని తెల్లటి సిరామిక్ మొనలున్న ట్వీజర్స్‌తో నొక్కుతారు. సిరామిక్‌లో కరెంట్ పారదు. అది మాడదు కూడా. ఇది చూడండి. మాడి పెచ్చులు లేచింది."

గోటితో గీకాడు. కింద స్టీల్ మెరిసింది.

"షార్ట్ అయింది. బ్యాటరీ పేలింది. ఈ తెలుపు, రాతతప్పులు చెరిపే వైట్‌నర్. కాడ మీద మరక కింద ల్యాబ్ నంబరుంది. ఎవరిది, తంబీ?"

ఉదయ్‌కిరణ్ చేతులు జోడించాడు.

"నాదే సార్. గంగాధర్ అన్న లేనప్పుడు చూద్దామని సిరామిక్‌ది తీశా. జారిపడి మొన విరిగింది. అన్న మలేషియాలోని జొహోర్ నుంచి తెచ్చుకున్నది, ఇక్కడ దొరకదు. తిడతాడని భయమేసి దీనికి రంగేసి పెట్టా. కొత్తది తెచ్చేదాకే అనుకున్నా సార్!"

"మరి డబ్బా దాచావెందుకు? దాచావంటే ప్రమాదమని ముందే తెలుసు నీకు. ఇది హత్య."

"నేను దాచలేదు సార్! ఒట్టు!"

ఎవరు నమ్ముతారు?  నిఖిల నోరు విప్పకపోతే చాలు, పాస్ దక్కుతుంది. పైగా తన మొగుణ్ణి పొట్టనబెట్టుకున్నది వీడే కదా! వీడికోసం తనెందుకు ఇరుక్కోవాలి? కుర్రాడు ఆమెకేసి చూడను కూడా లేదు. 

"దాచింది నేను సార్," అంది. "అతనికి తెలీదు. పాస్ పోతుందని నేనే..."

సూర్యారావు పెన్ను ఆగింది.

"ఇది రాస్తే నీమీదా కేసవుతుంది, అమ్మా."

"రాయండి సార్. నా పేరు రాయండి."

అప్పుడు గానీ ఆమెకి ఏడుపు రాలేదు.