నాలుగో ఎర్రచుక్క

కంప్యూటరు గీసిన పటంలో నాలుగు ఎర్రచుక్కలున్నాయి. వానలూ ఎండలూ రాతినేలా లెక్కగట్టి, ఏనాడో కనబడకుండా పోయిన తెల్లమెడ గబ్బిలాలు నల్లమలలో ఎక్కడ బతికి ఉండొచ్చో చెప్పే పటం అది. డిగ్రీ చదివే విదుల వేసవి సెలవులన్నీ దానికే ధారపోసింది.

మొదటి చుక్క దగ్గర క్వారీ తగిలింది. రెండోచోట గుహే లేదు. మూడో గుహలోంచి తేనెటీగలు తరిమాయి.

"ఇదీ వట్టిదైతే ఈ పటాన్ని పొయ్యిలో పెడతానన్నా!" అంది విదుల, ముళ్లపొదలు తోసుకుంటూ.

"ముందు కొండెక్కు, శపథాలు తర్వాత!" విసుక్కున్నాడు తోడొచ్చిన పరిశోధక విద్యార్థి ఇమ్మానుయేలు. గబ్బిలాల కూతలు పట్టే రికార్డరు పొద్దున్నే వాగులో తడిసి మూగబోయింది. ఇక మిగిలింది కెమెరా ఒక్కటే.

బండల నడుమ నల్లటి చీలిక! ఇద్దరూ బోర్లా పడుకుని పాకారు. ఘాటైన కంపు గొంతు పట్టేసింది. లోపల గుహ ఒక్కసారిగా విచ్చుకుంది. విదుల టార్చి పైకెత్తింది.

కప్పంతా కదులుతోంది! ప్రతి మెడకూ తెల్లటి పట్టీ. ప్రతి తల్లి పొట్టనూ కరుచుకుని ఒక పిల్ల.

"అన్నా, అవే!"

ఆమె చేతిలో కెమెరా ఫ్లాష్ మెరిసింది. గుహ కూలినట్టు గబ్బిలాలు లేచాయి. రెక్కలు మొహాలను చరిచాయి. రెండు పిల్లలు రాళ్లమీద పడ్డాయి.

"ఆపు! లైటు తగ్గించు!" ఇమ్మానుయేలు కేకేశాడు.

"ఫొటో మసకగా వచ్చింది, ఇంకొక్కటి..."

"ఇంకొక్కటి తీస్తే ఇంకెన్ని రాలతాయో!"

పళ్లు బిగించి ఆమె కెమెరాను సంచిలో కుక్కింది. చేతిరుమాలుతో ఒక పిల్లనెత్తి గరుకు గోడకు ఆనించింది. అది గోళ్లతో పట్టుకుంది. రెండోది కదల్లేదు.

ఉరుము! చీలికలోంచి బురదనీళ్లు లోపలికి దూకాయి.

"కొండవాన! పాకు, పాకు!"

నీళ్లు గడ్డాన్ని తాకుతుండగా ఎదురు పాకారు. ముందు బయటపడ్డ ఇమ్మానుయేలు ఆమె మణికట్టు పట్టి ఈడ్చాడు.

వానలోనే ఆమె కెమెరా తీసి చూసింది. ఫొటోలో బూడిదరంగు మరక తప్ప ఏమీ లేదు.

"పిల్లలు ఎగరడం నేర్చాక రావచ్చు," అన్నాడతను.

"అప్పటికి నాకు సెలవులెక్కడివి? కళ్లారా చూశామంటే ఎవరొప్పుకుంటారు?"

అతను సంచి భుజానికెత్తుకుని కొండ దిగసాగాడు.

బసకు చేరాక నాలుగో చుక్క పక్కన 'ఆధారం లేదు' అని టైపు చేసి, విదుల ల్యాప్‌టాప్‌ను విసురుగా మూసింది. తర్వాత అడిగింది:

"గోడ పట్టుకున్నదాన్ని తల్లి తీసుకెళ్లి ఉంటుందా అన్నా?"

"తెలీదమ్మా."

"వెళ్లి చూడనూ కూడదు," అంది కోపంగా, కళ్లు తుడుచుకుంటూ.