చెయ్యి ఎవరి మాట విన్నది?

విశాఖలో మేడలన్నీ ఆకుపచ్చగా మారి చాలా ఏళ్లయింది. గోడలకు బిగించిన నాచు పలకలే నగరానికి కరెంటు ఇస్తున్నాయి. వాటిని గీకి శుభ్రం చేసేవాళ్లు తాళ్లకు వేలాడుతూ, చెవిలోని బిళ్ల చెప్పినట్టు కదులుతారు. పని చేయించుకునే సంస్థ మాత్రం వాళ్లను ఉద్యోగులనదు, భాగస్వాములంటుంది. భాగస్వామికి దెబ్బ తగిలితే పరిహారం ఉండదు.

ఈ తగువు తేల్చడానికే డాక్టర్ విదుల ఆజ్ఞామాపకాన్ని కనిపెట్టింది. మనిషి తనంతట తాను చేసిన పనికీ, ఒకరు చెబితే చేసిన పనికీ మెదడులో మిగిలే జాడలు వేరు. యంత్రం ఆ రోజు జాడలన్నీ చదివినా, లెక్కకొచ్చేది ప్రమాద క్షణంలోనిదే. ఆజ్ఞ ఉంటే ఉద్యోగి, లేకపోతే కాదు.

పలకలు గీకే అసిరయ్యకు కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. కార్మిక న్యాయస్థానంలో అతని తలకు విదులే స్వయంగా తొడుగు పెట్టింది. అతను గెలుస్తాడనే ఆమె నమ్మకం.

తెర మీద ప్రమాదం జరిగిన రోజు గీత పొద్దుటి నుంచీ ఎర్రగానే ఉంది, అంటే అంతా ఆజ్ఞే. ప్రమాదం దగ్గరికి వచ్చేసరికి తెల్లబడిపోయింది.

"అప్పుడేం జరిగింది?" అన్నాడు న్యాయాధికారి.

"పక్కతాడు మీద గున్నమ్మ జారిపోతంది బాబూ. కదలొద్దని సెవిలో సెప్తానే ఉన్నారు. నాను ఇన్నేదు. సెయ్యి దానంతటదే ఎల్లిపోనాది. ఆయమ్మని అట్టుకున్నాను, నా సెయ్యి తాడులో నలిగిపోనాది."

వెనక బెంచీలో గున్నమ్మ కొంగుతో నోరు మూసుకుంది.

"ఆజ్ఞ లేదు సరికదా, ధిక్కరించాడు కూడా," అన్నాడు సంస్థ వకీలు.

విదుల లేచింది. "అతన్ని ఆ తాడు ఎక్కించిందెవరండీ? ఆ ఒక్క క్షణం కాదు, రోజంతా చూడండి!"

"ఆ క్షణం చాలని రాసిచ్చింది మీరే కదా, డాక్టర్."

అర్జీ కొట్టేశారు.

బయట మెట్ల దగ్గర విదుల అసిరయ్యను ఆపింది. "నా యంత్రమే మిమ్మల్ని ముంచేసింది."

"అది అబద్దం సెప్పనేదు కదమ్మా. నన్నెవులూ పట్టుకోమన్నేదు," అని అతను ఎడమచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

తీర్పు సంగతి తాళ్ల మీద పనిచేసేవాళ్లందరికీ పాకింది. వానాకాలంలో ఇంకో మేడ మీద ఒకతను జారి, కిందపడి చనిపోయాడు. చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ముగ్గురున్నారు. విచారణలో ఆ ముగ్గురినీ విదులే పరీక్షించింది. గీతలు మొదటి నుంచి చివరి దాకా ఎర్రగా, ఎక్కడా చెదరకుండా వచ్చాయి. కదలొద్దన్నారు, కదల్లేదు.

ముగ్గురూ ఉద్యోగులేనని ఆమె సంతకం చేసింది.