చెల్లని నమూనా

రిపోర్టంటే ఒక కాగితమేగా అని నవ్వింది నువ్వేనా? చేయని పనికి చేశానని సంతకం పెట్టే చెయ్యి నీకూ ఉంది. నవ్వు ఆపి విను.

సూరత్‌లో ఒక పరిశోధన సంస్థ. అక్కడ కణాల మీద పనిచేసే రీసెర్చ్ అసిస్టెంటు ఓంకార్‌ను, రెండో వేవ్ రాగానే కరోనా పరీక్షల దగ్గర కూర్చోబెట్టారు. ఆ ఏడే పీహెచ్‌డీలో చేరాలని అతని ఆశ. అందుకు ఆ పరీక్షలు చూసే పోస్ట్‌డాక్ మైథిలి సిఫారసు లేఖ రాయాలి.

ఒక పొద్దున ఊళ్లోనే ఉన్న మగ్గాల పేట ఉధ్నా నుంచి సదానందం వచ్చాడు, మరమగ్గాల కార్మికుడు. ఓంకార్ తెలుగు వినగానే అతని ముఖం విప్పారింది.

"మనోనివే? ఒక్క రూముల పన్నెండు మందిమి ఉన్నం బిడ్డా. నాకుంటే జర జల్ది చెప్పు, మెట్ల కింద పండుకుంట."

అతని గొంతు నమూనా తీసిన ట్యూబే ఓంకార్ చేతిలోంచి జారి ఒలికిపోయింది. మనిషిని మళ్లీ పిలిపించాలి, జరిగింది రిజిస్టరులో రాయాలి. రాస్తే మైథిలి చూస్తుంది. ఉత్త నీళ్లు పోస్తే మిషను పట్టేస్తుంది. ప్రతి నమూనాలోనూ అది మనిషి జన్యువును వెతుకుతుంది, దొరక్కపోతే 'చెల్లదు' అంటుంది. అందుకని ఓంకార్ తన గొంతులోనే స్వాబు పుల్ల తిప్పి సదానందం ట్యూబులో ముంచాడు.

నెగెటివ్.

సదానందం నిశ్చింతగా అందరి మధ్యా పడుకున్నాడు. పది రోజుల్లో ఆ రూములో ఐదుగురు పోయారు. మొదట అతనే.

ఆ వారమే ఓంకార్‌కు జ్వరం వచ్చింది. గెస్ట్‌హౌస్ గదిలో పెట్టి బయట తాళం వేశారు. నెగెటివ్ వస్తేనే తీస్తారు.

"ఏమొచ్చిందక్కా?" ఫోనులో అడిగాడు.

"చెల్లదట. నీ స్వాబు నువ్వే తీసుకోలేకపోతే ఇంక పీహెచ్‌డీ ఏం చేస్తావురా?" అంది మైథిలి.

రెండోసారీ చెల్లదు. మూడోసారి ఆమే వచ్చి తీసింది. అదీ చెల్లలేదు.

"నీ గొంతులో మనిషి జాడే లేదురా..." నవ్వబోయి ఆగిపోయింది.

మిట్టమధ్యాహ్నం. మూసిన కిటికీలు. ఫినాయిలు వాసన కింద మెల్లగా మగ్గాల నూనె వాసన, చెమట వాసన. ఓంకార్ ఊపిరి పీల్చాడు. అర క్షణం ఆలస్యంగా ఇంకో ఊపిరి వినబడింది. ఊపిరి బిగబట్టాడు...

అది ఆగలేదు.

తలుపు బాదాడు. "ఎవరైనా తీయుండ్రి" అనబోయి నోరు తెరిచాడు. అతని నోట్లోంచే, సన్నగా...

"బిడ్డా... నా రిపోర్టు అచ్చిందా?"

ఆ సాయంత్రం మైథిలికి అంతా రాసి పంపాడు. నోరు తెరిచే ధైర్యం లేదు. ఆమె నమూనాలు దాచే ఫ్రీజరు తీసి చూసి ఫోన్ చేసింది.

"మైనస్ ఎనభై డిగ్రీల్లో మిగతావన్నీ రాళ్లలా ఉన్నాయి ఓంకార్. సదానందం ట్యూబొక్కటే... వెచ్చగా ఉంది."

ఉద్యోగం పోయింది, చదువు పోయింది. అవి చిన్న నష్టాలు. ఆ గదిలోంచి బయటికి రావాలంటే మనిషినని తేలాలి. పంతొమ్మిది స్వాబులు తీశారు. తేలలేదు, తాళం తీయలేదు. అతను మాత్రం రోజురోజుకీ చిక్కిపోతున్నాడు.

ఆ ట్యూబు అడుగున చుక్కగా ఉన్న నమూనా, మొన్నటికి మూత దాకా వచ్చిందట.