చెరిగిపోయిన ఎక్స్

"గుర్వయ్య పోయాడు," అన్నాడు చీఫ్. "కల్వకుర్తిలో బస్సు దిగుతుండగా కాల్చారు."

ఏజెంట్ మల్లప్ప తల ఊపాడు. ఎనిమిదేళ్లు కలిసి పనిచేసిన మనిషి. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు.

అది 1964. సాగర్ డ్యామ్‌కు కూలీలను తీసుకెళ్లే లారీలను పేల్చాలని ఒక విదేశీ ముఠా ప్లాన్. గుర్వయ్య చీఫ్‌కు ఫోన్లో చెప్పిన చివరి మాట "రేపు పదకొండు". ఆ టైం చీఫ్‌కూ మల్లప్పకూ తప్ప ఎవరికీ తెలియదు. గుర్వయ్య జేబులో ఐదు పాయింట్ల కోడ్ దొరికింది. నాలుగు డెన్లు, ఐదోది బాంబు. నల్గొండ బస్టాండు కేంద్రంగా వాటిని ఎడమకు తొంభై డిగ్రీలు తిప్పితే అసలు స్థలాలు తేలతాయి.

ఆఫీసు కంప్యూటర్‌కు ప్రోగ్రాం రాసింది మిస్ సోమ. జార్జెట్ చీర, నల్ల కళ్లద్దాలు. రెండేళ్లుగా తన టిఫిన్ డబ్బాలో సగం మల్లప్పకే పెడుతోంది. బాంబు పానగల్ దగ్గరని కంప్యూటర్ చూపించింది.

మర్నాడు పది గంటలకు మల్లప్ప గొర్రెల కాపరిలా గొంగడి కప్పుకుని పానగల్ బండల మధ్య వెతికాడు. ఏమీ లేదు. అక్కడ మేకలు కాస్తున్న బీరమ్మను అడిగాడు.

"పొద్దుగాల్నుంచి ఈడనే ఉన్న బిడ్డా. ఒక్క పురుగు రాలే."

మల్లప్ప మ్యాపు విప్పాడు. ఐదు పాయింట్లూ ఒకే ఏటవాలు గీత మీద ఉన్నాయి. దొంగలు వరసలో దాక్కుంటారా?

ప్రోగ్రాం కాగితం తీశాడు. తూర్పు పడమరల దూరం ఎక్స్, ఉత్తర దక్షిణాల దూరం వై. మొదటి లైను కొత్త ఎక్స్‌ను కట్టి, పాత ఎక్స్ ఉన్నచోటే రాసేస్తోంది. రెండో లైనుకు ఆ పాత ఎక్స్ కావాలి. అది అప్పటికే చెరిగిపోయింది.

పాత ఎక్స్‌ను పక్కన రాసిపెట్టుకుని, పుల్లతో మట్టిలో మళ్లీ లెక్క కట్టాడు. ఐదో పాయింటు పడమర ఐదు, దక్షిణం రెండు. తిప్పితే తూర్పు రెండు, దక్షిణం ఐదు మైళ్లు. సాగర్ రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ!

జీపెక్కుతూ చెవిలోని బుల్లి వైర్‌లెస్‌లో సోమను పిలిచాడు. "నీ ప్రోగ్రాంలో తప్పుంది."

"పొరపాటయింది, సారీ. వెళ్లొద్దు మల్లప్పగారూ. పదకొండులోపు చేరలేరు."

టైం ఆమెకు ఎవరూ చెప్పలేదు. మల్లప్ప చీఫ్‌ను లైన్లోకి తీసుకుని రెండే మాటలు చెప్పాడు. "సోమను పట్టుకోండి. లారీలను ఆపండి."

"లారీలు నల్గొండ దాటిపోయాయి. నువ్వే దిక్కు."

జీపును చెట్ల చాటున వదిలి మోరీ కిందికి దూరేసరికి పదకొండుకు నిమిషం తక్కువ. గడియారం, రెండు వైర్లు. చెయ్యి వణకలేదు. వణకాల్సిందేమో అనుకున్నాడు. ఎర్ర వైరు తెంపాడు. ముల్లు ఆగింది. తల మీదుగా లారీలు ఒకదాని వెనక ఒకటి వెళ్లాయి. ఆడకూలీలు పాడుతున్నారు.

చెవిలో చీఫ్ గొంతు. "సోమ దొరికింది. నీ లెక్కతో డెన్లూ దొరికాయి. ఆమెతో మాట్లాడతావా?"

"వద్దు సార్." ఆకలిగా ఉందని అప్పుడు తెలిసింది.

పైకి వచ్చేసరికి చివరి లారీ ఆగి ఉంది.

"మోరి కింద ఏంజేస్తున్నవే?" అన్నాడు డ్రైవర్.

"గొర్రె తప్పిపోయింది."

"గొర్లు కాసుకునేటోని బతుకే నయం," అంటూ డ్రైవర్ గేరు మార్చాడు. "ఏ ఫికరుండది."