నవాబు నుదుటి సుళ్ళు

టీలోకని దాచుకున్న బెల్లం ముక్క నవాబు నోట్లోకి పోయిందని హసన్‌బీ పొద్దున్నుంచి సణుగుతూనే ఉంది. మనవరాలు మునీరా వినిపించుకోలేదు. ఆ రోజు ఆత్మకూరులో పశువుల పోటీ. పోటీకి వెళ్ళేదాని నోరు తీపి చేసి పంపొద్దా?

నవాబు వాళ్ళ తట్టు. తట్టంటే పొట్టి దక్కను గుర్రం. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏటికి ఉదయగిరి చుట్టుపక్కల ఆ జాతిలో మిగిలింది అదొక్కటే.

పోటీలో మార్కులు వేసేది కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు వలి. టేపు పెట్టి కొలిచాడు, పుస్తకం చూశాడు, పెదవి విరిచాడు.

"గుర్రం అనేందుకు ఎత్తు చాలదమ్మా."

"గుర్రమని ఎవరన్నారు సార్? ఇది తట్టు. మేకను కొలిచి, ఆవంత లేదని మార్కులు తీసేస్తారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వలి చెవులు ఎర్రబడ్డాయి. మరి తట్టును దేంతో కొలవాలని అడిగాడు. ఉదయగిరి కొండతో, వచ్చి చూడండి, అంది మునీరా.

ఆదివారం వలి నిజంగానే వచ్చాడు. మునీరా తండ్రి చాంద్ బాషా నవాబు మీద మూటలు కట్టాక, ముగ్గురూ దాని వెంట కొండెక్కారు. సగం దారిలో వాన పట్టుకుంది. డాక్టరు రెండుసార్లు జారాడు. ఎట్లా నడవాలో అతనికి చెబుతూ మునీరా ఒకసారి జారింది. ముందు పోయిన నవాబు ఆగి, వీళ్ళది ఏం జాతో అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది.

ఆ తర్వాత నవాబుకు లేని జబ్బులు చాలా వచ్చాయి. వాటిని చూడడానికి వలి ఆత్మకూరు నుంచి బస్సెక్కి వచ్చేవాడు. మునీరా బెల్లం టీ ఇచ్చేది. చివరికి తన పెద్దల చేత సంబంధం అడిగించాడు. చాంద్ బాషా సరేననబోయాడు.

అంతలో ఒకరోజు వలి నవాబు డెక్క చూద్దామని వంగాడు. హసన్‌బీ అతని నడినెత్తి చూసింది. రెండు సుళ్ళు. అట్లాంటివాడికి రెండు పెళ్ళిళ్ళు తప్పవని ఆమె నమ్మకం. తల్లి మాట దాటని చాంద్ బాషా, వద్దని కబురు పంపేందుకు సిద్ధమయ్యాడు. ఆ సాయంత్రం మునీరా నవాబుకు గడ్డి వేయడం కూడా మరిచిపోయింది.

మర్నాడు శుక్రవారం. నమాజు అయ్యాక అందరూ అన్నాలకు కూర్చున్నారు. మునీరా ముద్ద ముట్టలేదు.

"దాదీ, సంతలో అన్ని తట్లుండగా నవాబునే ఎందుకు కొనమంటివి?"

"నుదుట జంట సుళ్ళుండె. అట్టాంటిది ఇల్లిడిచి పోదు."

"పోయిందా?"

"యాడికి పోతాది? నా బెల్లం తింటా ఈడనే ఉండాది."

"మరి డాక్టర్ని మాత్రం మనుషుల కొలతతో చూస్తావేంది?"

చాంద్ బాషాకు పొలమారింది. హసన్‌బీ చాలాసేపు నములుతూ ఆలోచించింది. మనిషిగా చూస్తే వలి లోపం లోపమే. తట్టుగా చూస్తే వంక పెట్టడానికి లేదు. పైగా కొండ కూడా ఎక్కినాడాయె.

"చాంద్, డాక్టరు వాళ్ళకు సరేనని కబురు పెట్టు," అంది. "అట్నే వింజమూరు నుంచి బుట్టెడు బెల్లం తెప్పించు. తినేవాళ్ళు ఇద్దరైనారు."