ఖాళీ సీటు బరువు

దెయ్యాలు అర్ధరాత్రి వస్తాయని ఎవరు చెప్పారో గానీ, నా దగ్గరికి మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి వచ్చింది. భోజనం చేసి, చేతులు కడుక్కుని, పనిలో పడిన కాసేపటికి.

నేను కార్లకి అలైన్‌మెంట్ చేస్తాను. రోడ్డు మీద తిరిగే కార్లు కాదు, ట్రాక్ మీద పరిగెత్తేవి. ఆడదానివి, నీకెందుకమ్మా ఈ పని అని మూతి తిప్పిన వాళ్ళ కార్లే ఇప్పుడు నా షెడ్డు ముందు వరసకట్టి ఉంటాయి. కంప్యూటర్ మిషన్లంటే నాకు పడదు. కారుకి రెండు పక్కలా నైలాన్ తాడు బిగించి, ఆ తాడు నుంచి చక్రం ఎంత దూరంలో ఉందో ఉక్కు స్కేలుతో కొలుస్తాను. ముందు చక్రాలు రవ్వంత బయటికి చూడాలి, వెనకవి రవ్వంత లోపలికి చూడాలి. రవ్వంత అంటే ఒక మిల్లీమీటరు. అది తప్పితే మలుపులో కారు మన మాట వినదు.

ఆ రోజు నా ముందున్నది మా తమ్ముడి కారు. ఎర్రటి స్పోర్ట్స్ కారు. దాని మొదటి యజమాని ఇదే ట్రాక్ మీద మూడో మలుపులో గోడకి కొట్టుకుని పోయాడు. ముక్కలైన దాన్ని నేనూ తమ్ముడూ ఏడాదిపాటు కూర్చుని మళ్ళీ నిలబెట్టాం. మనిషిని మింగిన బండి మనకొద్దురా అని అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "అక్క సెట్ చేస్తే నాకేం కాదమ్మా" అన్నాడు వాడు. అమ్మ నా వైపు తిరిగి, "విన్నావుగా" అంది. అప్పట్నుంచీ వాడి ప్రాణం నా స్పానర్ చివర వేలాడుతోందని నాకు తెలుసు.

నాలుగింటికి వాడి మొదటి రేసు. డ్రైవర్లందర్నీ మీటింగుకి పిలిస్తే వెళ్ళాడు. బయట కుండపోత వాన. కరెంటు పోయింది. గాలికి షట్టర్ సగం దించేశాను. రేకుల మీద వాన చప్పుడు, పాత రబ్బరు వాసన, నేను, కారు. దిగులేమీ లేదు. నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది.

కారుని నాలుగు తూకం పలకల మీద నిలబెట్టాను. ఒక్కో చక్రం కింద ఒక్కో పలక. పలకలు బ్యాటరీతో పనిచేస్తాయి, మొత్తం బరువు చిన్న డబ్బాలో ఎర్ర అంకెలుగా కనబడుతుంది. ఖాళీ కారు వెయ్యి ఇరవై కిలోలు. రాసుకున్నాను. డ్రైవర్ కూర్చుంటే కారు కుంగుతుంది, కుంగితే చక్రాల చూపు మారుతుంది. అందుకే కొలిచే ముందు సీట్లో డ్రైవరంత బరువుకి ఇసుక మూటలు పెడతాం. తమ్ముడి లెక్కకి డెబ్బై రెండు కిలోల మూటలు పోయినేడు కట్టినవి ఉన్నాయి. అవి తేవడానికి షెడ్డు వెనక్కి వెళ్ళాను.

ఒక మూట భుజాన వేసుకుని తిరిగొచ్చేసరికి కారు కుంగి ఉంది.

డబ్బా చూశాను. వెయ్యి ఎనభై ఎనిమిదిన్నర.

మూట కింద పెట్టాను. మతిమరుపు వచ్చి ముందే పెట్టేశానేమో అనుకున్నా. సీట్లోకి తొంగి చూస్తే ఏమీ లేదు. పలకలన్నీ తుడిచాను, వైర్లు పీకి మళ్ళీ పెట్టాను. అంకె మారలేదు. అరవై ఎనిమిదిన్నర కిలోలు ఎక్కడివి?

అప్పుడు వినబడింది. వాన చప్పుడులోంచి, కారు లోపల్నుంచి. బెల్టు తాళం పడిన చప్పుడు... టక్.

తర్వాత బెల్టుని రెండుసార్లు లాగి చూసుకున్న చప్పుడు. సర్... సర్...

అబద్ధమెందుకు, షట్టర్ కింద నుంచి దూరి పారిపోదామనుకున్నాను, రెండడుగులు వేశాను కూడా. అంతలో ఒళ్ళు మండింది. ఏడాదిపాటు చేతులు కాల్చుకుని నిలబెట్టిన కారు ఇది. చచ్చినవాడెవడో వచ్చి కూర్చుంటే వదిలేసి పోవాలా?

"ఎవరది?" అన్నాను.

వాన.

"నీ కారు కాదిది. దిగు."

ఎవరూ దిగలేదు. సీట్లోంచి తడిసిన హెల్మెట్ లోపలి గుడ్డ వాసన వచ్చింది. చెమటా, సబ్బూ కలిసిన వాసన.

"దిగవు కదా. సరే, కూర్చో. నాకు మూటలు మోసే పని తప్పింది. కానీ కదిలావంటే ఊరుకోను."

ఇప్పుడు తల్చుకుంటే నాకే నవ్వొస్తుంది. అలా అనేసి నిజంగానే కింద కూర్చుని కొలవడం మొదలుపెట్టాను. స్టీరింగ్ కదలకుండా క్లాంపు వేశాను. కుడి ముందు చక్రం రెండు మిల్లీమీటర్లు బయటికి ఉంది, చక్రాన్ని స్టీరింగుకి కలిపే టై రాడ్ తిప్పి ఒకటికి తెచ్చాను. లేచి చూస్తే మళ్ళీ రెండు. తెచ్చాను. మళ్ళీ రెండు.

తాడు మెల్లగా వణుకుతోంది. డబ్బాలో అంకెలు కూడా నిలవడం లేదు. ఎనభై ఎనిమిదిన్నర... ఎనభై ఎనిమిది... ఎనభై ఎనిమిదిన్నర... మనిషి కూర్చున్నప్పుడే అంకెలు అలా ఆడతాయి.

ఇసుక మూటలు ఊపిరి పీల్చవు.

స్పానర్ చేతిలోనే పట్టుకుని పక్క షెడ్డుకి పరిగెత్తాను. అక్కడ టైర్లు మార్చే బాబాయి ఉంటాడు. పోయినాయన దగ్గర పదేళ్ళు పనిచేశాడు.

"బాబాయ్, మీ సారు బరువెంత ఉండేవాడు?"

"ఇప్పుడా సంగతెందుకమ్మా?"

"చెప్పు బాబాయ్."

"తొంభై ఐదు దాటి ఉంటాడు. ఆ సీటు ఆయనకి పట్టేది కాదు. సీటు కింది పట్టాలకి కొత్త రంధ్రాలు వేసి నేనే వెనక్కి జరిపాను. ఏమైందమ్మా, మొహం అలా పాలిపోయింది?"

ఏం లేదని వచ్చేశాను. తొంభై ఐదు. అంటే సీట్లో ఉన్నది ఆయన కాదు. మరి ఇంకెవరు చచ్చారు ఈ కారులో? ఎవరూ చావలేదే...

నేను వెళ్ళేసరికి తమ్ముడు షెడ్డులో ఉన్నాడు. రేసు సూటు, హెల్మెట్ వేసుకుని అప్పటికే కారులోకి దూరుతున్నాడు.

"ఒరేయ్, ఆగు."

"వాన తగ్గుతోందక్కా. నాలుగింటికే మొదలెడతామన్నారు. నేనే కూర్చుంటా, నీకు మూటలెందుకు?"

కూర్చున్నాడు. బెల్టు పెట్టాడు. టక్. రెండుసార్లు లాగి చూసుకున్నాడు. సర్. సర్.

వాడు అలా లాగుతాడని నాకు పదేళ్ళుగా తెలుసు. ఆ చప్పుడు విన్నప్పుడే పోల్చుకోవాల్సింది నేను.

డబ్బా వైపు చూశాను. వెయ్యి ఎనభై ఎనిమిదిన్నర. వాడు ఎక్కకముందు ఎంతో, ఎక్కాకా అంతే. ఒక్క గ్రాము పెరగలేదు.

"నీ బరువెంతరా?" అన్నాను.

"పొద్దున్నే డాక్టర్ తూచాడు. సూటు, హెల్మెట్ అన్నిటితో కలిపి అరవై ఎనిమిదిన్నర. నోరు కట్టుకుంటే తగ్గనా మరి?" అని నవ్వాడు.

"దిగు."

"ఏమైందక్కా?"

"దిగరా ముందు."

దిగాడు. డబ్బా చూపించాను. వెయ్యి ఎనభై ఎనిమిదిన్నర. వాడు డబ్బా వైపు, ఖాళీ సీటు వైపు, నా వైపు చూశాడు. నవ్వు ఎటు పోయిందో.

"మిషన్ పాడైందేమో" అన్నాడు గుసగుసగా.

జరిగిందంతా చెప్పాను. వాడు హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. "ఏడాది కష్టపడ్డామక్కా. దెయ్యానికి జడిసి మానేశానంటే నలుగురూ నవ్వరా? నువ్వు సెట్ చెయ్యి, నాకేం కాదు" అన్నాడు.

అదిగో, మళ్ళీ అదే మాట. ఆ మాటకే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి మీద కాదు. సీట్లో కూర్చుని, నా తమ్ముడు వచ్చి తనలో సర్దుకుంటాడని తాపీగా ఊపిరి పీలుస్తున్న దాని మీద.

కారు కింద దూరాను. కుడి టై రాడ్ విప్పాను. దిమ్మె మీద పెట్టి, దాని మరచుట్లన్నీ చితికిపోయేదాకా సుత్తితో బాదాను. చక్రం కాళ్ళు విరిగిన దానిలా పక్కకి వాలింది.

"అక్కా, ఏం చేస్తున్నావ్? స్పేర్‌ది ఇంకోటుంది కదా..."

ఇంకోటీ తెచ్చి బాదాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు, విదిలించాను. వాడికి కళ్ళనీళ్ళొచ్చాయి, నాకూ వచ్చాయి. సీటు వైపు తిరిగి, "నా తమ్ముణ్ణి ఇవ్వను. ఏం చేసుకుంటావో చేసుకో" అన్నాను.

లోపల బెల్టు తాళం ఊడింది. టక్.

డబ్బాలో అంకె దిగడం మొదలైంది. ఎనభై ఏడు... ఎనభై ఐదు... ఎనభై రెండు...

"పోతోందక్కా" అన్నాడు తమ్ముడు నా భుజం పట్టుకుని.

ఎనభై ఒకటి... ఎనభై... డెబ్బై తొమ్మిది.

అక్కడ ఆగింది. ఇద్దరం కాచుకుని నిలబడ్డాం. ఇంక కదల్లేదు. వెయ్యి డెబ్బై తొమ్మిది. అంటే సీట్లో ఇంకా యాభై తొమ్మిది కిలోలు.

"ఇదెవరిది?" అన్నాడు వాడు.

నా బరువు నాకు తెలియదా?

ఆ రోజు రేసు జరిగింది. మూడో మలుపులో ఎవరికీ ఏమీ కాలేదు. తమ్ముడు మూడు వారాలు నా మొహం చూడలేదు, తర్వాత వాడే వచ్చి అన్నం పెట్టమన్నాడు. వేరే కారు చూసుకుంటున్నాడు, దాన్నీ నేనే సెట్ చేస్తాను. అమ్మకి ఈ సంగతేదీ చెప్పలేదు.

ఎర్ర కారుని అమ్మెయ్యమని బాబాయి అంటాడు. ఎవరికి అమ్మాలి, ఇంకొకరి తమ్ముడికా? నా షెడ్డులోనే ఉంచుకున్నాను. కొత్త టై రాడ్ వేశాను. రోజూ పొద్దున్నే తాళ్ళు కట్టి, చక్రాలు నాకు నచ్చినట్టు ఒక మిల్లీమీటరుకి పెడతాను. మర్నాటికి రెండై ఉంటుంది, మళ్ళీ ఒకటికి తెస్తాను. దానికి ఎంత ఓపికుందో నాకూ అంతే ఉంది. ఇంతవరకూ ఆ సీట్లో కూర్చోలేదు. కూర్చోవాలో వద్దో, ఎప్పుడు కూర్చోవాలో నేను చెప్పాలి, అది కాదు.

ఈమధ్య కావాలనే కడుపునిండా తింటున్నాను. నా లెక్క తప్పిస్తే అదేం చేస్తుందో చూద్దామని. నిన్న తూచుకుంటే రెండు కిలోలు పెరిగాను.

డబ్బాలో వెయ్యి ఎనభై ఒకటి ఉంది.